ఏడో కాగితం

సంక్షేమ కార్యాలయం కింది అంతస్తులో, మెట్లకూ లిఫ్టుకూ మధ్య మిగిలిన జానెడు జాగాలో ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చునే ఆవిడను అందరూ ఫారాలక్క అంటారు. కాలో చెయ్యో చూపో పోయినవాళ్ళు పింఛను కోసం, ఆరోగ్య కార్డు కోసం వస్తే వాళ్ళ ఫారాలు నింపిపెట్టడం ఆమె పని. తొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. ఏ గడిలో ఏం రాయాలో, ఏ గడిని పొరపాటున కూడా ముట్టుకోకూడదో ఆమెకు కంఠతా వచ్చు. "మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అన్న చోట "బాగానే ఉంది" అని రాసుకొచ్చే అమాయకుల్ని చూస్తే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"బాగానే ఉందని రాయడానికి ఇదేమన్నా చుట్టాలకు రాసే ఉత్తరమా?" అని గదమాయించి, ఆ మాట కొట్టేసి, ఉన్నదున్నట్టు రాస్తుంది. పది మెట్లెక్కితే ఎన్నిసార్లు ఆగుతారు, చొక్కా గుండీలు ఎవరు పెడతారు, అన్నీ అడిగి రాబడుతుంది. ఆమె రాసిన ఫారం వెనక్కి తిరిగిరాదని పేరు. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది. ఉండకేం, మూడో అంతస్తు అధికారి సైతం "ఫారాలక్క దగ్గరకెళ్ళి రాయించుకు రండి" అని మనుషుల్ని కిందికి పంపుతుంటే ఎవరికుండదు.

పక్కనే ఉన్న లిఫ్టు ముసలిది. రెండో అంతస్తు దాటేటప్పుడు నడుం పట్టేసినట్టు ఒక మూలుగు మూలుగుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి పైకి చూస్తారు. ఫారాలక్క మాత్రం తల ఎత్తదు.

పింఛను ఫారం ఏడు కాగితాలు. ఆరు నింపేవి. ఏడోది సూచనల కాగితం, ఒకవైపు చీమ తలలంత అక్షరాలు, రెండో వైపు ఖాళీ. ఎవరి ఫారమైనా చేతికి రాగానే ఆమె చేసే మొదటి పని ఆ ఏడో కాగితాన్ని చర్రున చించి పక్కన పెట్టుకోవడం. ఆ చింపడం చూస్తేనే ఎదుటివాళ్ళకు సగం ధైర్యం వచ్చేది. పని తెలిసిన మనిషి చేతిలో పడ్డామని కుదుటపడేవాళ్ళు. చించిన కాగితాల కట్టకు క్లిప్పు పెట్టి, కలం రాస్తోందో లేదో వాటి మీద గీసి చూసేది. టీ గ్లాసు వాటి మీదే పెట్టేది. నెలకోసారి కట్ట ఇంటికి పట్టుకెళ్ళి తమ్ముడికిచ్చేది. వాడికి బొమ్మలు గీసుకోవడానికి వెనక వైపు పనికొచ్చేది.

తమ్ముడు లిఫ్టుల మెకానిక్కు. మెకానిక్కుగా ఉండేవాడు అనాలి. వాడి చెవి గురించి, వాడు పనిచేసిన లిఫ్టుల కార్ఖానాలో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. లిఫ్టులో నిలబడి కళ్ళు మూసుకుని రెండుసార్లు పైకీ కిందికీ తిరిగొస్తే చాలు, ఎక్కడ అరిగింది, ఎక్కడ వదులైంది చెప్పేసేవాడు. మిగతావాళ్ళు సామాన్లన్నీ విప్పి చూసి, చివరికి వాడు చెప్పిన చోటికే వచ్చేవాళ్ళు. అలాంటివాడు ఒకరోజు ఎవరో తలుపుకు తాళం వెయ్యడం మరిచిపోయిన లిఫ్టు గోతిలో రెండంతస్తుల కిందికి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుం కింద సగం దక్కలేదు. కర్రల సాయంతో గది దాటగలడు. ఎనిమిది వారాలకోసారి ఆసుపత్రిలో వెన్నులోకి మందు ఎక్కించాలి. అది పడకపోతే కాళ్ళు కొయ్యబారి ఈడ్చుకుపోతాయి. ఆ మందు సొంతంగా కొనాలంటే అక్కాతమ్ముళ్ళిద్దరూ అమ్ముడుపోయినా చాలదు. ఆరోగ్య కార్డు ఉంది కాబట్టి సరిపోతోంది.

అప్పట్లో ఆమె ఒక అచ్చాఫీసులో ప్రూఫులు చూసేది. పొల్లు పోయినా, దీర్ఘం తప్పినా పట్టుకునే కళ్ళు ఆమెవి. తమ్ముడి కోసం ఆ ఉద్యోగం మానుకుంది. వాడి ఫారం తానే కూర్చుని రాసింది. మూడో అంతస్తు కిటికీలోంచి గుమస్తా ఆ ఫారం తిరగేసి, చివరి కాగితం పట్టుకుని, "ఈ చదువుకునే కాగితం నా ఫైల్లో ఎందుకమ్మా, లావెక్కడానికి తప్ప? చించి ఇవ్వండి" అన్నాడు. చించి ఇచ్చింది. ఆ కాగితం మడిచి సంచిలో పడేసుకుంది. అదే మొదటిది. అదే రోజు వరసలో వెనక నిలబడ్డ ముసలాయన ఫారం కూడా రాసిపెట్టింది. అలా మొదలైన పని ఇంతైంది.

ఆ వరసలోనే ఒకతను తన పొరుగువాడి సంగతి చెప్పాడు. పింఛను తీసుకుంటూ గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడట. నాలుగు నెలలకు ఎవరో పసిగట్టి పింఛనూ కార్డూ రెండూ ఊడగొట్టారట. ఆ మాట ఆమె మనసులో మేకులా దిగిపోయింది. పనిచేస్తే కార్డు పోతుంది. అంతే, మళ్ళీ ఆలోచించలేదు.

ప్రమాదం జరిగిన రెండో ఏడు కార్ఖానా పెద్దమేస్త్రి ఇంటికొచ్చాడు. చేతిలో పళ్ళ సంచి, ముఖం నిండా సంబరం.

"వీణ్ణి ఎక్కడికీ ఎక్కించనమ్మా. నా గదిలో బల్ల ముందు కుర్చీ వేస్తాను. ఎదురుగా ఫోను. మావాళ్ళు పనికెళ్ళిన చోట అర్థం కాకపోతే ఫోను చేసి, లిఫ్టు నడిపి వినిపిస్తారు. వీడు విని ఏమైందో చెప్తే చాలు. పొద్దున బండి పంపిస్తాను, సాయంత్రం దింపేస్తాను."

 తమ్ముడి ముఖం వెలిగింది. ఆ వెలుగు ఆమె చూసింది. చూసే అంది.

"మీ మంచితనానికి చేతులెత్తి మొక్కాలి. కాని ఒక్క నెల జీతం తీసుకున్నా వాడి కార్డు పోతుంది బాబాయ్. రేపు మీ కార్ఖానా మూతపడితే వాడి వెన్నులో మందు ఎవరు పోస్తారు?"

"నిజమేనా అమ్మా? అలా ఉంటుందా?"

"నేను రోజూ చూసేది అవే కాగితాలు."

ఆ మాటకు తిరుగేముంది. పెద్దమేస్త్రి తమ్ముడి వైపు చూశాడు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అక్క చెప్పింది కదా మేస్త్రీ" అన్నాడు. మరుసటి ఏడు ఆయన మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అదే జవాబు పట్టుకెళ్ళాడు. మూడోసారి మనిషిచేత కబురంపాడు. ఆ తరువాత అడగడం మానేశాడు.

తమ్ముడు కిటికీ దగ్గర బల్ల వేసుకుని, అక్క తెచ్చిన కాగితాల వెనక లిఫ్టుల బొమ్మలు గీసేవాడు. మోటారు, చక్రాలు, తాళ్ళు, బ్రేకు. మొదట్లో గీసినవి చూపించి వివరించేవాడు. ఒకసారి ఆమె తన పక్కనున్న లిఫ్టు మూలుగు గురించి చెబితే, "ఏదీ, రేపు ఫోనులో వినిపించు" అన్నాడు. పనుల్లో పడి మరిచిపోయింది. రానురాను వాడు చూపించడం తగ్గించాడు. మాటలూ తగ్గాయి. వాడు నెమ్మదించాడని ఆమె సంతోషించింది. ఎంత పిచ్చిదో.

ఈ ఏడు ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దుట చక్రాల కుర్చీలో ఒకమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. గ్రంథాలయంలో చినిగిన పుస్తకాలకు అట్టలు కడుతుందట, వేళ్ళకు జిగురు మరకలు ఇంకా ఉన్నాయి. ఫారాలక్క అలవాటు చొప్పున ఫారం కోసం చెయ్యి చాచింది.

"పింఛను ఫారం కాదక్కా. అది ఎప్పుడో వచ్చింది. పనిలో చేరానని చెప్పే ఫారం ఒకటుంటుందట, అది రాసిపెట్టండి."

ఫారాలక్క గొంతు తగ్గించింది. "నెమ్మదిగా మాట్లాడమ్మా. ఎవరైనా వింటే కార్డు పీకేస్తారు."

"చెప్పకపోతే పీకేస్తారు. చెప్తే ఉంటుందక్కా."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఫారంలోనే ఉంది కదా. చివరి కాగితంలో."

ఫారాలక్కకు నవ్వొచ్చింది. "తల్లీ, తొమ్మిదేళ్ళుగా ఈ ఫారాలు నమిలి బతుకుతున్నాను. నాకు తెలియని కాగితమా?"

ఆ అమ్మాయి వాదించలేదు. చూపుడువేలితో బల్ల మీదికి చూపించింది. "అదే అక్కా. మీ గ్లాసు కింద ఉంది."

గ్లాసు తీసింది. కళ్ళజోడు సర్దుకుంది. టీ మరక గుండ్రంగా పడిన చోట, కలం గీతల కింద, చీమ తలలంత అక్షరాలు. అన్నిటికన్నా పైన, "ఈ కాగితమును దరఖాస్తుదారు తన వద్ద ఉంచుకొనవలెను" అని ఉంది. కిందికి చదువుకుంటూ పోయింది. తొమ్మిదో అంశం దగ్గర వేలు ఆగింది.

"పింఛను పొందుచున్నవారు తమ శక్తికి తగిన పనిలో చేరినయెడల పది రోజులలోగా తెలియజేయవలెను. మొదటి పన్నెండు నెలలు పింఛను, ఆరోగ్య కార్డు రెండును కొనసాగును. పిమ్మట జీతమును బట్టి పింఛను నిలిచినను, వైకల్యము ఉన్నంతకాలము ఆరోగ్య కార్డు రద్దు కాదు. పని మానవలసి వచ్చినచో పింఛను తిరిగి ఇవ్వబడును."

మళ్ళీ చదివింది. ప్రూఫు చూసినట్టు, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. ఎక్కడా పొల్లు కూడా పోలేదు. కాపలా పనికి కుదిరిన ఆ పొరుగువాడికి కార్డు పోయింది పనిచేసినందుకు కాదు, చెప్పనందుకు. 

ఆ అమ్మాయి ఫారం తాను ఎలా రాసిందో ఆమెకే తెలియదు. రాశాక లిఫ్టు వైపు చూడకుండా మెట్లెక్కి మూడో అంతస్తుకు వెళ్ళింది. అదే కిటికీ, అదే గుమస్తా, జుట్టు మాత్రం నెరిసింది.

"సార్, ఈ తొమ్మిదో అంశం ఎప్పుడు పెట్టారు?"

ఆయన కాగితం చూసి, "నేను చేరకముందు నుంచీ ఉందమ్మా. ఏం, మీకు తెలియదా?" అన్నాడు.

"మీరే కదా సార్ చించెయ్యమన్నారు."

"నా ఫైల్లోంచి తీసెయ్యమన్నాను. వాళ్ళకివ్వొద్దన్నానా?"

 ఆయన తప్పేమీ లేదు, అదే మరీ బాధ. వచ్చి తన కుర్చీలో కూలబడింది. ఒక్కొక్క ముఖమే కళ్ళ ముందుకొచ్చింది. ఒక చెయ్యి పోయిన డ్రైవరు, బళ్ళు నిలిపే చోట చీట్లిచ్చే పని దొరికిందని ఆనందంగా వచ్చి చెప్తే, వద్దని చెప్పి పంపింది. పోలియో కాలుతో ఇంట్లోనే బట్టలు కుట్టుకునే ఆవిడతో, "ఎవరి కంటైనా పడితే కష్టం, ఆ మిషను అమ్మేసెయ్" అంది. ఆవిడ అమ్మేసి, వచ్చి మరీ చెప్పి వెళ్ళింది. ఎంతమంది అలా తన మాట విని చేతులు ముడుచుకుని కూర్చున్నారో. వాళ్ళంతా తనను కొండంత అండ అనుకున్నారు.

ఆ మధ్యాహ్నమే బల్లకు తాళం వేసి కార్ఖానాకు వెళ్ళింది. పెద్దమేస్త్రి ముసలివాడయ్యాడు. ఆమెను చూసి కుర్చీ లాగి వేశాడు. ఆమె నిలబడే చెప్పింది, కాగితం చూపించింది. ఆయన కళ్ళజోడు వెతుక్కుని చదివాడు.

"ఇప్పుడు పంపిస్తాను బాబాయ్. రేపే పంపిస్తాను."

ఆయన గోడ వైపు చూపించాడు. గోడకు పెద్ద తెర. దాని మీద పచ్చటి చుక్కలు వరసగా వెలుగుతున్నాయి. ఒక్కటి మాత్రం ఎర్రగా ఉంది.

"ఒక్కో చుక్కా ఒక్కో లిఫ్టమ్మా. ఎక్కడ పాడైందో అవే చెప్పుకుంటున్నాయి. వినే మనిషి అక్కర్లేదు. పాతవి నాలుగో అయిదో మిగిలాయి, వాటికోసం ఒకరిని పెట్టుకోలేను." ఆయన కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "రెండేళ్ళు ఆ కుర్చీ ఖాళీగానే ఉంచాను. ఏమో, మనసు మార్చుకుంటారేమోనని."

ఆమె దారంతా మాటలు కూర్చుకుంటూనే ఇంటికొచ్చింది. చెప్పకుండా ఉండిపోదామా అని కూడా అనిపించింది. తెలిసి ఇప్పుడు వాడికి ఒరిగేదేముంది, ఉన్న కాస్త మనశ్శాంతీ పోవడం తప్ప. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఏడేళ్ళు వాడి బదులు తాను నిర్ణయించింది చాలదా.

తమ్ముడు కిటికీ దగ్గర పెన్సిలు చెక్కుకుంటున్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా వాడి ఎదురుగా కూర్చుని, కాగితం బల్ల మీద పెట్టి, నీళ్ళు నమలకుండా మొత్తం చెప్పేసింది. అమ్మాయి, తొమ్మిదో అంశం, గుమస్తా, ఖాళీ కుర్చీ, తెర మీద చుక్కలు. వాడు అడ్డు రాకుండా విన్నాడు. విని, కర్రలు అందుకుని లేచి, అలమర అడుగు అరలోంచి ఒక కాగితం తెచ్చాడు. మడతల దగ్గర చిరిగి, పసుపు పచ్చగా మారింది. వెనక వాడు గీసిన మొట్టమొదటి బొమ్మ. ముందువైపు తిప్పాడు. తొమ్మిదో అంశం కింద పెన్సిలుతో సన్నటి గీత ఉంది.

ఆమె ఆ గీత మీద వేలు పెట్టింది.

"నీకు తెలుసా?"

"మొదటి ఏడే చదివానక్కా. మంచంలో పడి ఉన్నవాడికి చదవడానికింకేముంది."

"మరి మేస్త్రి వచ్చినప్పుడు నోరు పెగల్లేదా? నాకెందుకు చెప్పలేదురా?"

"నీకు తెలుసనుకున్నాను. తెచ్చిచ్చింది నువ్వే కదా. అచ్చుతప్పు ఒకటుంటే అన్నం సయించని మనిషివి, చదవకుండా తెస్తావని ఎలా అనుకుంటాను?" వాడు కర్రలు గోడకు ఆనించి కూర్చున్నాడు. "ఆసుపత్రిలో ఇంక లిఫ్టు జోలికి వెళ్ళనని నా చేత ఒట్టు వేయించుకున్నావు, గుర్తుందా? నన్ను పంపించడానికి భయపడుతున్నావు, ఆ మాట చెప్పలేక కార్డు పేరు చెప్తున్నావు అనుకున్నాను. నాకోసం ఉద్యోగం మానుకున్నదానివి. నువ్వు అబద్ధమాడుతున్నావని మేస్త్రి ముందు ఎలా అనను?"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే కాగితానికి చెరోవైపు కూర్చుని, ఎదుటివాళ్ళ మనసు నొచ్చుకోకూడదని ఇన్నేళ్ళు నోరు కట్టేసుకున్నారు. తాను చదివి ఉంటే, వాడు అడిగి ఉంటే, ఒక్క మాటతో తేలిపోయేది. ఎంత ఏడ్చినా ఆ కుర్చీ మళ్ళీ రాదు.

వాడు అడిగాడు. "ఒకవేళ అప్పుడే చదివి ఉంటే పంపించేదానివా అక్కా?"

పంపించేదాన్నని చెప్పడానికి నోరు తెరిచింది. మేస్త్రి వచ్చిన రోజున వాడి ముఖంలో వెలుగు గుర్తొచ్చింది, ఆ వెలుగు చూడగానే తన గుండె దడదడలాడటమూ గుర్తొచ్చింది. ఆ దడ కార్డు కోసమేనా? ఆమెకు తెలియదు. వాడు జవాబు కోసం ఎదురు చూడలేదు. పెన్సిలు తీసుకుని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

మర్నాడు బల్ల తెరిచేసరికి ఒక పెద్దాయన, ఆయన కోడలు కూర్చుని ఉన్నారు. ఫారం చేతికి తీసుకుంది. అలవాటుకొద్దీ వేళ్ళు ఏడో కాగితం అంచు పట్టుకున్నాయి. వదిలేసింది. ముందు అదే తీసి, మొదటి అంశం నుంచి పైకి చదివి, అర్థం చెప్పి, కాగితం పెద్దాయన జేబులో పెట్టింది. డ్రైవరు ఎక్కడుంటాడో, బట్టలు కుట్టే ఆవిడ ఎక్కడుంటుందో పాత చీటీల్లో వెతకాలనుకుంది. డ్రైవరు దొరకవచ్చు. కుట్టు మిషను ఎవరు తెచ్చిస్తారు?

వాళ్ళు పైకి వెళ్ళాలని లిఫ్టు ఎక్కారు. తలుపు మూసుకుంది. ఫారాలక్క లేచి, ఫోను తీసి, తమ్ముడికి చేసింది.

"ఒరేయ్, ఒకటి వినిపిస్తాను. మాట్లాడకు."

ఫోను లిఫ్టు తలుపుకు ఆనించి పట్టుకుంది. లిఫ్టు కదిలింది, మొదటి అంతస్తు దాటింది, రెండో అంతస్తు దగ్గర మూలిగింది. పైన ఆగింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల వాడి ఊపిరి వినిపిస్తోంది.

"కిందికి రానీ, ఇంకోసారి వినిపించు" అన్నాడు. గొంతులో చురుకు. ఆ గొంతు ఆమె విని ఎన్నేళ్ళయిందో.

రెండోసారి వినిపించింది.

"రెండో అంతస్తు దగ్గర లిఫ్టు పెట్టె జారే ఇనప పట్టా ఒకటి గోడ వదిలిందక్కా. పెట్టె దానికి రాసుకుంటోంది. ఎన్నాళ్ళుగా ఇలా మోగుతోంది?"

"నేను కూర్చున్నప్పటి నుంచీ."

 వాడు పని చెప్పే మెకానిక్కులాగే, మామూలుగా అన్నాడు. "ఒక్క బోల్టు బిగిస్తే పోయేది. ఎవరికైనా చెప్పు."

"చెప్తాను" అంది ఆమె. వాడు ఫోను పెట్టేశాక కూడా లిఫ్టు తలుపు దగ్గరే నిలబడింది. పై నుంచి ఎవరో పిలిచినట్టున్నారు, అది మళ్ళీ పైకి వెళ్తోంది.